కృష్ణవేణమ్మ హస్తవాసి

ప్రొద్దుటూరులో గట్టి ఉక్కుకు బెజ్జం వేయించుకోవాలంటే లోకనాథ్ షాపుకు పోవాలి, పోయినాక తిట్లు తినాలి. ఒకటి చాలు, రెండోది వద్దంటే కుదరదు. మైదుకూరు రోడ్డులో పంచర్లు వేసే కొట్టును ఆనుకుని ఉన్న రేకుల గది అతనిది. లోపల నేలలోకి బోల్టులు దిగేసి నిలబెట్టిన డ్రిల్లింగ్ మిషన్ ఒకటి, సాన ఒకటి, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక స్టూలు. ఆ స్టూలు మీద ఎవరు కూర్చున్నా పది నిమిషాల్లో తాము ఇన్నాళ్లూ చేసినవన్నీ తెలివితక్కువ పనులేనని ఒప్పుకుని లేస్తారు.

ఆ రోజు స్టూలు మీద పులివెందుల దగ్గరి వేముల నుంచి వచ్చిన చిన్నసుబ్బయ్య కూర్చున్నాడు. నూటయాభై గొర్రెలున్న రైతు. మేత నరికే మిషన్ కత్తిని గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. కత్తిని బిగించే బోల్టు బెజ్జం అరిగి సాగిపోయింది, పక్కన ఇంకొకటి వేయాలి. పులివెందులలో చేతి డ్రిల్లుతో వేయబోయి మూడు బిట్లు విరగ్గొట్టుకుని, ఎవరో చెబితే ఇంత దూరం వచ్చాడు.

"ఏ బిట్లు పెట్టినావు?" అన్నాడు లోకనాథ్.

"బంగారు రంగువి పెట్టినామప్పా. అంగట్లో ఆయప్ప అవే గట్టివన్యాడు."

"రంగు చూసి సరుకు కొన్యానని బంగారమమ్మే ప్రొద్దుటూరుకొచ్చి చెప్తాండావే, ఈడ వింటే నవ్వుతారు మామా."

లోకనాథ్ కత్తి మీద పాత ఆకురాయి పెట్టి రుద్దాడు. ఆకురాయి కొరకలేదు. గాజు మీద జారినట్టు జారింది.

"చూస్తాండావా? ఆకురాయికే లొంగని ఉక్కు ఇది. మామూలు బిట్టు దీని మీద ఊరికే తిరుగుతాది, కాగుతాది, మొద్దుబారుతాది. నువ్వేమో ఇంగా గట్టిగ ఒత్తుతావు. విరక్క ఏం చేస్తాది? దీనికి కార్బైడ్ బిట్టు కావాల. కొనకు ఇంత ముక్క అతికించింది గాదు, ఈ కొన నుంచి ఆ కొన దాకా కార్బైడే ఉండేది. పైన నల్లగా ఊదారంగు పూత ఉంటాది, బంగారు రంగు గాదు. పొట్టిది తీసుకోవాల, పొడుగుదైతే ఊగుతాది."

"అట్లయితే ఆ కార్బైడ్‌దే ఒకటి ఇప్పీప్పా. మా చేతి డ్రిల్లుకే పెట్టుకుంటాం."

లోకనాథ్ చేతిలోని ఆకురాయిని బల్ల మీద పెట్టి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. ఇంక ఆపేవాడు లేడు.

"చేతి డ్రిల్లుకు పెట్టినావంటే నీ చేయి రవ్వంత పక్కకు పోయినా చాలు, ముక్కలయి కంట్లో పడతాది. ఉక్కు బిట్టు కొంచెం వంగి నిన్ను కాపాడుతాది. కార్బైడ్‌కు వంగేది తెలీదు, విరిగేది ఒక్కటే తెలుసు. దానికి కదలని మిషన్ ఉండాల, సరుకును కదలనీకుండ పట్టుకునే వైసు ఉండాల. ఒకసారి ఆనించినాక భయపడి ఎత్తగూడదు. ఎత్తి మల్లా ఆనిస్తే అంచు రాలుతాది. ఇంగ నీళ్లు. మామూలు బిట్టుకు పోస్తాం గదా అని దీనికీ పోసినావనుకో, కాగిన గాజు గ్లాసులో చన్నీళ్లు పోసినట్టే. కంటికి కనపడని చీలిక పడతాది. ఆ చీలికతోనే మల్లా పెడతావు, అది లోపల విరుగుతాది, నువ్వు నా దగ్గరికొచ్చి ఏడుస్తావు."

చిన్నసుబ్బయ్య తలూపుతూ అన్నీ విన్నాడు. లోకనాథ్ కత్తిని వైసులో బిగించి, మిషన్ ఆన్ చేసి, పిడి మీద చేయి వేసి ఒకే ఊపున, తొందర లేకుండా, ఆపకుండా దించాడు. సన్నటి ఉక్కు పొట్టు సూదుల్లాగా రాలింది. నిమిషం తిరగకముందే బెజ్జం పడింది. చిన్నసుబ్బయ్య కత్తిని మళ్లీ గోనెసంచిలో చుట్టుకుని, తిట్టించుకున్నందుకు కూడా దండం పెట్టి వెళ్లాడు.

ఇంత నోరున్న లోకనాథ్‌కు ఒక జబ్బు ఉంది. ఇస్త్రీ చొక్కా, వేళ్లకు ఉంగరాలు ఉన్న మనిషి షాపు ముందు బండి ఆపితే ఆ నోరు పడిపోతుంది. గొర్రెలు మేపే ఇంట పుట్టి, తండ్రి షావుకార్ల అరుగుల ముందు చేతులు కట్టుకుని నిలబడటం చూస్తూ పెరిగినందుకు వచ్చిందో, మరి ఎందుకు వచ్చిందో. యాభై మూడేళ్లొచ్చినా పోలేదు. తిట్టాల్సినవాళ్లను వదిలి, పడేవాళ్లను తిట్టి కడుపు నింపుకునే మనుషులు ఊరూరా ఉన్నారు. అతనూ వాళ్లలో ఒకడు. అయితే అతని పనితనం దొడ్డది కాబట్టి ఎవరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు.

చిన్నసుబ్బయ్య వెళ్లిన మరుసటి రోజే బదరీనారాయణ వచ్చాడు. బంగారు అంగళ్ల వీధిలో పెద్ద షాపు ఆయనది. చేతిలో ఎర్రగుడ్డ మూట ఉంది. బల్ల మీద విప్పితే అరచేయంత ఉక్కు దిమ్మ. దాని నడుమ చెక్కిన మామిడి పిందె, పిందె కడుపులో చిలక, చిలక రెక్కలో ఈక ఈకకూ ఒక గీత. హారాలకు బిళ్లలు కొట్టే అచ్చు అది. పలచటి బంగారు రేకు దాని మీద పెట్టి ఒత్తితే ఆ చిలక రేకులోకి లేచి వస్తుంది.

లోకనాథ్ దాన్ని చూడగానే స్టూలు మీద కూర్చుండిపోయాడు. అది జమ్మలమడుగు ఫకీర్ సాహెబ్ చెక్కిన అచ్చు. ఫకీర్ సాహెబ్ లోకనాథ్‌కు పని నేర్పిన ఉస్తాదు. ఆ ఒక్క అచ్చు పదకొండు నెలల పని. ఆ పదకొండు నెలలూ లోకనాథ్ ఆయన పక్కనే కూర్చుని ఉలులు సాన పట్టి ఇచ్చాడు. ఆయన మొత్తం నలభై అచ్చులు చెక్కాడు. కంప్యూటర్ మిషన్ల మీద అచ్చులు తయారవడం మొదలైనాక అంగళ్లవాళ్లు ఆ పాతవాటిని ఒక్కొక్కటే తూకానికి వేసి పారేశారు. ఇదొక్కటి ఎట్లా మిగిలిందో మిగిలింది.

"మావాడు అభిలాష్ కొత్త ప్రెస్సు తెచ్చినాడప్పా," అన్నాడు బదరీనారాయణ. "దాని పిన్నులకు ఈ అచ్చు కూచోవాలంటే అంచులో రెండు బెజ్జాలు పడాలంట. ఎదురెదురు మూలల్లో. ఎర్రగ కాల్చి మెత్తబరిచి వేసి, మల్లా గట్టి చేయొచ్చునంటాండారు."

"కాదు సావుకారూ," అన్నాడు లోకనాథ్, మెల్లగా. "కాలిస్తే గీతల అంచులు పొట్టు లేస్తాయి. ఈక మీది గీత నిలవదు. గట్టిగ ఉన్నట్టే వేయాల. ఆరు ఎమ్మెం కార్బైడ్ బిట్లు రెండు తెప్పియ్యండి. ఒకటి ఇంత గట్టిదే ఏదైనా పాత ముక్క మీద పెట్టి చూస్తా, ఇంకోటి దీనికి."

ఎట్లాంటి బిట్టు కావాలో, ఎంత పొట్టిదో, ఏ పూతదో కాగితం మీద రాసిచ్చాడు. షావుకారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ శుక్రవారమే లోకనాథ్ బస్సెక్కి జమ్మలమడుగు వెళ్లాడు. ఫకీర్ సాహెబ్‌కు డెబ్భై ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. కూతురు సైదున్నీసా ఇంట్లోనే బట్టలు కుడుతూ ఆయన్ను చూసుకుంటోంది. మంచం మీద కూర్చున్న ముసలాయన పక్కన చేరి లోకనాథ్ చిలక అచ్చు సంగతి చెప్పాడు.

ముసలాయన మొహం అతని వైపు తిప్పి, "అది ఇంగా పని చేస్తాదా?" అన్నాడు.

"చేస్తాది ఉస్తాద్. కొత్త ప్రెస్సుకెక్కుతాది. ఇంగో ఇరవై ఏండ్లు చేస్తాది."

"ముప్పైతొమ్మిదిటిని కాటాకు వేసినారు. అన్నీ పోయినాయనే అనుకున్యా." ఆయన తన అరచేతులు ఒకదాంతో ఒకటి తుడుచుకున్నాడు. "బెజ్జాలు పడినాక ఒక్క పూట తెచ్చీ. చేత్తో చూసుకుంటా."

"నా చేత్తో వేసి, తెచ్చి మీ చేతిలో పెడతా ఉస్తాద్."

"కార్బైడ్ కదా. జాగర్తరా."

"నాకు మీరే గదా నేర్పింది."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని లోకనాథ్ ఒక్కడే నవ్వుకున్నాడు. ఆ అచ్చు బతకాలి, ఉస్తాదు చేతికి చేరాలి, అంతే. ఆ నెలంతా అతనికి ఇంకో కోరిక లేదు.

బిట్టు వచ్చింది. ఒక్కటే వచ్చింది.

"రెండెందుకప్పా?" అన్నాడు బదరీనారాయణ, నవ్వుతూనే. "నీ చేయి మీద నీకు నమ్మకం లేకపోయినా మాకుండాది. బేస్తవారం తొమ్మిదిన్నరకు మంచి గడియ. మా ఇంట్లో ఆమె వస్తాది, మొదటి బెజ్జం ఆమె చేత్తో పడితే బాగుంటాది."

ఇది ఆ వీధి అలవాటు. కొలిమి కొత్తది పెట్టినా, త్రాసు కొత్తది తెచ్చినా, పనిముట్టు ఏది కొత్తగా వచ్చినా మొదటి పని బదరీనారాయణ భార్య కృష్ణవేణమ్మ చేత్తో జరగాలి. ఆమె హస్తవాసి మంచిదని అందరి నమ్మకం. పక్క అంగళ్లవాళ్లు కూడా వచ్చి పిలుచుకుపోతారు. సుత్తికి, కత్తెరకు, త్రాసుకు ఎవరి చేయి ముందు పడితే ఏముంది, అవేమీ అనుకోవు. కార్బైడ్ బిట్టుకు మాత్రం మొదటి చేయే ప్రాణం. ఆ సంగతి ఆ ఊళ్లో లోకనాథ్‌కు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

పైగా కృష్ణవేణమ్మ మంచి మనిషి. లోకనాథ్‌కు పచ్చకామెర్లు వచ్చి పడుకున్నప్పుడు పదిహేను రోజులు పత్యం వండి క్యారియర్ పంపింది. అట్లాంటి మనిషిని పట్టుకుని, అమ్మా నువ్వు చేయి పెట్టొద్దు అని ఎట్లా అనడం? అనాల్సిన మాట అతను తయారు చేసుకోకపోలేదు. 'అమ్మా, మీరు పిడికి బొట్టు పెట్టి చేయి తాకిస్తే చాలు, తిప్పేది నేను తిప్పుతా.' ఇంతే. బుధవారమంతా ఈ మాటను నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాడు.

గురువారం పొద్దున తొమ్మిదికే అందరూ వచ్చేశారు. బదరీనారాయణ, సెల్‌ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్న అభిలాష్, వీధిలోని కంసాలులు ఇద్దరు. కృష్ణవేణమ్మ పట్టుచీర కట్టుకుని, తులసాకు వేసిన రాగిచెంబు, ఉద్ధరిణె తెచ్చుకుంది. మిషన్‌కు పసుపు రాసి బొట్లు పెట్టింది. లోకనాథ్ తన వంతు పని ఏమాత్రం లోటు లేకుండా చేశాడు. అచ్చును ఇత్తడి రేకుల మధ్య వైసులో బిగించాడు. వజ్రపు మొన ఉన్న చిన్న గ్రైండర్‌తో మూలలో చుక్కంత గుంట తీశాడు. బిట్టు నిటారుగా తిరుగుతోందో లేదో రెండుసార్లు చూసుకున్నాడు. మిషన్ ఆన్ చేశాడు. ఇంక మాట ఒక్కటే మిగిలింది.

"ఇట్ల తిప్పాల్నా నాయనా?" అంది కృష్ణవేణమ్మ, పిడి పట్టుకుని.

"అవునమ్మా," అన్నాడు లోకనాథ్. "మెల్లగ. ఆపకుండ."

బుధవారమంతా నమిలిన మాటలో బయటికి వచ్చింది అంతే.

బిట్టు ఉక్కుకు ఆనగానే కీచుమంది. ఆమె ఉలిక్కిపడి పిడి వదిలేసింది. బిట్టు పైకి లేచింది. "ఏం కాదు, పట్టుకో" అన్నాడు బదరీనారాయణ. ఆమె మళ్లీ దించింది, మళ్లీ కీచుమంది, మళ్లీ ఎత్తింది. మూడోసారి ధైర్యం చేసి కొంచెం ఒత్తింది, సన్నగా పొగ లేచింది, చేయి తీసేసింది.

"కాగుతాందప్పా, పాపం," అంటూ చెంబులోకి ఉద్ధరిణె ముంచింది.

లోకనాథ్ చూస్తున్నాడు. ఉద్ధరిణె నీళ్లలో మునగడం చూశాడు, నిండి పైకి రావడం చూశాడు, కుంకుమ అంటిన ఆ చేయి బిట్టు వైపు రావడం చూశాడు. వద్దు అనే రెండక్షరాలకు కావలసినంత సమయం ఉంది. ఇంకా మిగులుతుంది కూడా. చిన్నసుబ్బయ్య మీద అంతసేపు అరిచిన నోరు ఆ రెండక్షరాలకు తెరుచుకోలేదు. నీళ్లు పడ్డాయి. బిట్టు చిటుక్కుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చిటుకు లోకనాథ్‌కు తప్ప ఎవరికీ వినపడలేదు.

అప్పటికైనా మించిపోలేదు. మిషన్ ఆపి, బిట్టు ఊడదీసి, భూతద్దం కింద పెట్టి చూస్తే ఐదు నిమిషాలు. అంచు రాలితే పని ఆపి ఇంకో బిట్టు తెప్పించుకోవచ్చు. అతను మిషన్ స్విచ్చి వైపు చేయి చాపాడు కూడా.

"కానీప్పా, గడియ దాటిపోతాది," అన్నాడు బదరీనారాయణ గడియారం చూసుకుని.

లోకనాథ్ చేయి స్విచ్చి దగ్గర నుంచి పిడి మీదికి వచ్చింది.

దించాడు. కొంచెం దూరం పోయింది. పిడిలో నుంచి అరచేతికి ఒక అదురు వస్తోంది, లోపల ఎవరో గోరుతో గీరుతున్నట్టు. ముప్పై ఏళ్లు ఆ అరచేయి అతనికి అబద్ధం చెప్పలేదు. ఆపు అంటోంది. ఎదురుగా అభిలాష్ ఫోన్ ఉంది, పక్కన ఆమె చేతులు జోడించుకుని ఉంది. అతను అరచేతి మాట వినకుండా ఒత్తాడు. ఫట్‌మంది. మిషన్ ఒక్క కుదుపు కుదిపింది, బిట్టు మూడు ముక్కలై, మొన బెజ్జంలో ఇరుక్కుపోయింది.

మిషన్ ఆగినాక అచ్చు మీది పొట్టు ఊది చూశాడు. మూలలో బెజ్జం దగ్గర మొదలైన చీలిక, వెంట్రుకంత సన్నగా, అంచు దాటి, మామిడి పిందెలోకి దిగి, చిలక మెడ మీదుగా పోయింది. ఇరుక్కున్న ముక్కను తీయించే మార్గాలు ఉన్నాయి. చీలికను పూడ్చే మార్గం లేదు. ఇక ఆ అచ్చు మీద ఏ రేకు ఒత్తినా చిలక మెడ మీద ఆ వెంట్రుక పడుతుంది. అచ్చు చచ్చిపోయింది.

లోకనాథ్ వైసు వదులు చేసి అచ్చును చేతిలోకి తీసుకున్నాడు. 

"పోతే పోనీలేప్పా," అన్నాడు బదరీనారాయణ. ఆయన మొహంలో నిజంగానే పెద్ద బాధ లేదు. "అభిలాష్ ఉగాదికి ముందే దాన్ని కోయంబత్తూరు తీసకపోయి స్కాన్ తీయించినాడు. వారంలో కొత్త డై వస్తాది. అచ్చం ఇట్లనే, గీత తేడా ఉండదు."

లోకనాథ్‌కు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అట్లయితే దీనికి బెజ్జాలెందుకు సావుకారూ?"

"ఆమెకు సెంటిమెంటు. కొత్త ప్రెస్సు మీద మొదటి బిళ్ల పాత అచ్చుతోనే పడాలన్యాది. ఆ ఒక్క బిళ్లకే. ఇంగ ప్రాప్తం లేదు, ఏం చేస్తాం. అది నువ్వే ఉంచుకో, కాటాకు వేసినా కాఫీలకు రాదు."

ఒక్క బిళ్లకు. ఇంకో ఇరవై ఏండ్లు పని చేస్తుందని లోకనాథ్ ఉస్తాదుకు మాటిచ్చి వచ్చింది ఒక్క బిళ్ల కొట్టి పక్కన పడేసే అచ్చు గురించి. అది బతికి ఉంటే కనీసం ఆయన చేతిలో పెట్టి, మీ పని చెక్కుచెదరలేదు అని చెప్పేవాడు. ఇప్పుడు అదీ లేదు.

సాయంత్రానికి వీధంతా రెండు మాటలు తిరిగాయి. లోకనాథ్ చేయి పోయింది అన్నది మొదటిది. ముందు అమ్మ చేయి పడింది కాబట్టి సరిపోయింది, లేకుంటే ఆ ముక్క ఎవరి కంట్లోనో పడి ఉండేది అన్నది రెండోది. ఆ వారంలో కృష్ణవేణమ్మను ఇంకో రెండు అంగళ్లవాళ్లు పిలుచుకుపోయారు.

బిట్టు విరిగిన మూడో రోజు ఆమే ఆటో దిగి షాపుకు వచ్చింది. వెంట ఎవరూ లేరు. స్టూలు మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుంది.

"నిజం చెప్పు నాయనా. నేను నీళ్లు పోసినందుకేనా విరిగింది? అభిలాష్ ఫోన్లో యాడనో చదివినాడంట. అప్పట్నుంచి నాకు అన్నం పోతాలేదు."

ఇంతకంటే సులువుగా నిజం ఎవరూ అడగరు. అవునమ్మా అంటే ఆమె ఒక గంట ఏడ్చి ఉండేది, ఇంకో కొత్త పనిముట్టు జోలికి పోకుండా ఉండేది. లోకనాథ్ బల్ల మీద ఉన్న గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న వైసునే తుడవడం మొదలుపెట్టాడు.

"కాదమ్మా. బిట్టులోనే లోపం."

ఆమె మొహం తేటపడింది. "అమ్మయ్య. నేను శానా కుమిలిపోయినానప్పా. నాకేం తెలుసు ఈ మిషన్ల సంగతి. నువ్వు ఒక్క మాట వద్దమ్మా అనింటే పోసేదాన్నే కాదు గదా."

ఆటో వెళ్లిపోయింది. లోకనాథ్ ఆ రోజు ఇంక ఏ పనీ ముట్టుకోలేదు. భయపడటానికి అక్కడ ఏదైనా ఉండి ఉంటే కొంత ఊరటగా ఉండేది. ఆమె కసురుకునే మనిషి కాదు. బదరీనారాయణ పని లాక్కునేవాడూ కాదు. వద్దమ్మా అని ఉంటే, ఔనా నాయనా అని చెంబు పక్కన పెట్టేది. అంతే జరిగేది. ఆ అంతే అన్నది అతన్ని లోపల తినేస్తోంది.

ఆదివారం అచ్చును ఎర్రగుడ్డలో చుట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కాడు. ఏం చెప్పాలో దారిలో అనుకున్నాడు. అబద్ధానికి కొత్తగా మాటలు వెతుక్కోవలసిన పని లేకపోయింది, ఒకసారి చెప్పింది ఉంది కదా.

ఫకీర్ సాహెబ్ అచ్చును ఒడిలో పెట్టుకుని, ముందు చిలకనే వెతుక్కున్నాడు. చూపుడు వేలు రెక్క మీద ఈక ఈకకూ ఆగింది. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటున్నట్టు. వేలు మెడ దగ్గరికి వచ్చి నిలిచిపోయింది. అక్కడి నుంచి పైకి పోయింది, కిందికి వచ్చింది, మళ్లీ పోయింది. కుట్టు మిషన్ దగ్గరున్న సైదున్నీసా కుట్టడం ఆపింది.

"విరిగింది ఉస్తాద్," అన్నాడు లోకనాథ్.

"తెలుస్తాంది." ఆయన బెజ్జం వెతికి పట్టుకున్నాడు. "సైదూ, సూది ఇట్లియ్యి."

సూది మొనను బెజ్జం అంచు చుట్టూ నిదానంగా తిప్పాడు. తిప్పి, తల పైకెత్తాడు. ఆ మొహంలో బాధ కంటే ముందు ఒక నిమ్మళం కనిపించింది.

"బెజ్జం నోరు గుండ్రంగా లేదు. రెండు మూడు తూర్లు ఆనించి ఎత్తినారు. ఇది నీ చేయి కాదు లోకనాథా. నాకు తెలుసు, నీ చేయి ఇట్ల చేయదు. ఎవురు పెట్టినారు?"

బిట్టుదే లోపం అనడానికి వీల్లేకుండా పోయింది. ముసలాయన తన పక్షాన ఉండి అడుగుతున్నాడు. లోకనాథ్ చెప్పాడు. గడియ సంగతి, హస్తవాసి సంగతి, ఉద్ధరిణెడు నీళ్ల సంగతి చెప్పాడు.

"నువ్వు యాడుండావు అప్పుడు?"

"పక్కనే ఉండా ఉస్తాద్."

"పోయొద్దని చెప్పలేదా?"

"లేదు."

"నీళ్లు పడినాక బిట్టు తీసి చూసినావా?"

"లేదు."

"ఎవురన్నా నిన్ను పట్టుకున్యారా?"

"లేదు ఉస్తాద్."

ఫకీర్ సాహెబ్ సూదిని మంచం నవారుకు గుచ్చి పెట్టాడు. "ఆ తల్లికి తెలుసునా, తన నీళ్ల వల్లనే పోయిందని?"

"వచ్చి అడిగింది. బిట్టులోనే లోపమని చెప్పినా."

"నాకేం చెప్దామని వచ్చినావు?"

లోకనాథ్ నేల వైపు చూశాడు. "అదే," అన్నాడు.

ఆయన ఎర్రగుడ్డ కోసం పక్కన తడుముకున్నాడు. అచ్చును దాని మధ్యలో పెట్టి, నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి, ఒకటికి రెండు ముడులు వేశాడు. ఆ మూటను లోకనాథ్ వైపు జరిపాడు.

"తీసకపో."

"మీ దగ్గరే ఉండనీ ఉస్తాద్. మీ చేతి పని గదా. మిగిలింది ఇదొక్కటే."

"కండ్లుండేటోళ్లు చూడకూడదనుకుంటే మూసుకుంటారు. నాకు చేతులే కండ్లు. ఇంట్లో ఉంటే అవి దాని మీదికే పోతాయి. వాటిని యాడ మూసుకునేది?"

లోకనాథ్ వంగి మూటను అందుకున్నాడు. అందుకోబోతుంటే ఇద్దరి వేళ్లు తగిలాయి. ముసలాయన తన చేయి వెనక్కి తీసుకుని, దుప్పటి కింద పెట్టుకున్నాడు.